జోనమ్మ గుమ్మడిపాదు

"అక్కా, జోనమ్మ గుమ్మడిపాదు పీకేస్తాండారు!" అని మొదట నాకు చెప్పింది మా చెల్లెలి ఇంటి డ్రైవరు ఓబులేసు. చెల్లెలి పురిటికని ఖతార్‌లోని అల్ వుకైర్ వెళ్లిన రోజులవి. మేమంతా జోనమ్మ అని పిలుచుకునే పక్కింటావిడ ఆస్ట్రేలియా పల్లెటూళ్లో గొర్రెలు మేపుకున్న మనిషి.

నేను బయటికి వచ్చేసరికి ఆవిడ పాదు మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుంది. పూలమొక్కలు తప్ప ఇంకేవీ పెంచకూడదని ఆ ఇళ్ల సూపర్‌వైజర్ అరుస్తున్నాడు. పార పట్టుకున్న తోటమాలి, కరీంనగర్ అతను, "నేనేం జేస్తనమ్మా, పీకుమన్నరు" అని నసిగాడు.

సూపర్‌వైజర్‌కి ఆవిడ ఇంగ్లీషులో ఇచ్చిన జవాబును ఓబులేసు నాకు తెలుగులో చెప్పాడు: "మా ఊర్లో ఏండ్లకేండ్లు వాన లేదు. అంట్లు కడిగిన నీళ్లతోనే పాదు పెంచి పిల్లోళ్లను సాకినా. ఆకాశం వద్దంటేనే ఇన్లా, నువ్వు చెప్తే ఇంటానా?"

అనంతపురంలో మా అమ్మా అలాగే బతికింది. నేను వెళ్లి ఆవిడ పక్కన మట్టిలో కూర్చున్నాను. "నన్ను గూడా పీకమను" అని ఓబులేసుతో అన్నాను.

"ఆడోళ్లను దొక్కి నేను పీకను, సార్" అంటూ కరీంనగర్ అతను పార కింద పెట్టేశాడు. సూపర్‌వైజర్ గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. జోనమ్మ గుమ్మడి గుజ్జు కలిపి కాల్చిన వేడి బన్నులు తెచ్చి, మొదటిది ఆ కరీంనగర్ అతనికే పెట్టింది.

మాకు పోతే పాదు పోయేది, అతనికి డ్యూటీ, అంటే ఉద్యోగమే, పోయేది. దేవుడికి దీపం పెట్టేటప్పుడు అతన్ని ఒక్కసారి తలచుకోండి.