చూడని చెయ్యి

ఆ రోజు మేస్త్రీ చేసిన పనిలో కొత్తేమీ లేదు. వ్యాను ఇంజను ముందు గొంతుక్కూర్చుని, డీజిల్లో తడిపిన గుడ్డపీలికతో రెండు పళ్లచక్రాల మీదున్న చుక్కల్ని తుడిచాడు. కింద చిన్న చక్రం మీద ఒక చుక్క, పైన పెద్ద చక్రం మీద ఒక చుక్క. రెండూ వాటి వాటి గీతలకి ఎదురుగా వచ్చేదాకా జరిపి గొలుసు ఎక్కించాడు. ఎంత దగ్గరగా వంగి చూశాడంటే, లేచేసరికి ముక్కు కొసన గ్రీజు అంటుకుంది.

"ఏం బావా, బోల్టులు ముక్కుతో బిగిస్తున్నావా?" అన్నాడు పక్క ఇంజను దగ్గర్నుంచి చిలక. నోరు మూతపడదని షెడ్డులో అతనికి ఆ పేరు పెట్టారు. చుట్టరికం ఏమీ లేకపోయినా మేస్త్రీని బావా అని, ఆయన భార్యని అక్కా అని పిలిచేవాడు.

"నీ నోటికి కూడా ఓ వాల్వు బిగించాల్రా. ఎప్పుడు మూసుకోవాలో దానికైనా తెలుస్తుంది," అన్నాడు మేస్త్రీ.

అందరూ నవ్వారు. షెడ్డు వెనక తొట్టి దగ్గర విడిభాగాలు కడుగుతున్న మేస్త్రీ భార్య మాత్రం నవ్వలేదు. ముక్కుకి గ్రీజు ఎందుకంటిందో ఆమెకి తెలుసు. ఆయన చూపు పోతోంది. కంటి నరం ఎండిపోతోందని, అద్దాలు మార్చినా లాభం లేదని డాక్టరు చెప్పేశాడు. ఆ మాట మొగుడూ పెళ్లాల మధ్యే ఉండిపోయింది.

పెళ్లైన కొత్తలో ఆయన చేసే పనేమిటని ఆమె అడిగితే, తింటున్న కంచం పక్కకి జరిపి మరీ చెప్పాడు.

"సిలిండరంటే ఓ గది అనుకో. పైకప్పుకి రెండు తలుపులు, అవే వాల్వులు. ఒకదాంట్లోంచి గాలి వస్తుంది, రెండోదాంట్లోంచి పొగ పోతుంది. పిస్టను కిందికి దిగేటప్పుడు గాలి తలుపు తియ్యాలి. పైకొచ్చి ఆ గాలిని నొక్కేటప్పుడు రెండూ మూసుండాలి. అందులో డీజిలు అంటుకుంటే, ఆ మంటకి మళ్లీ కిందికి పోతుంది. ఈసారి పైకొస్తూ పొగని బయటికి గెంటుతుంది."

"అంతేనా? ఇంతోటిదానికి నీకు జీతం కూడానా!"

"ఆగవే. పొగంతా పోయాక నింపాదిగా గాలి తలుపు తీద్దామంటే, ఆ వేగంలో అంత తీరికెక్కడిది? పొగ తలుపు ఇంకా మూసుకుంటూ ఉండగానే గాలి తలుపు కాస్త తెరుచుకోవాలి. కింది చక్రం పిస్టనుది, పై చక్రం తలుపులది. రెంటినీ కలిపే గొలుసుతో ఆ కాస్త ఎంతో చూసుకోవడమే నా పని. తేడా వచ్చిందా, తలుపు బాగా తెరిచున్నప్పుడు పిస్టను పైకొచ్చి కొడుతుంది. వాల్వులు వంగిపోతాయి. ఇంక ఇంజను తుక్కే."

ఆ షెడ్డుకి ఒక కట్టుబాటు ఉండేది. గొలుసు పెట్టినవాడు ఇంజను తిప్పకూడదు. పెట్టడం చూడనివాళ్లెవరైనా వచ్చి, పొడుగు పానా తగిలించి, చేత్తో రెండు చుట్లు తిప్పాలి. కింది చక్రం రెండు చుట్లు తిరిగితేగాని పైది ఒక చుట్టు తిరగదు. అన్ని తలుపులూ ఒక్కోసారి తెరుచుకుని మూసుకున్నాకే తాళంచెవి. పెట్టినవాడికి తన పని మీద నమ్మకం కాబట్టి, లోపల ఏదైనా తగిలినా బలంగా లాగేస్తాడని మేస్త్రీ అనేవాడు. తొట్టివైపు తిరిగి కూర్చునే ఆమెదే ఎప్పుడూ ఆ చూడని చెయ్యి.

తిప్పుతుంటే చేతికి తగిలే గాలి బిగువు మెత్తగా ఉంటుంది. పానా పట్టుకుని కాసేపు ఆగితే దానంతటదే సడలుతుంది. ఇనుముకి ఇనుము తగిలితే సడలదు. చీకట్లో గోడకి గుద్దుకున్నట్టు ఆగిపోతుంది. ఏళ్ల తరబడి ఆమె చేతికి మొదటి రకమే తెలుసు. రెండోది ఒక రోజు తెలిసింది. ఓనరు అక్కడే ఉన్నాడు. ఆమె పానా వదిలేసి భుజం పట్టుకుంది.

"అబ్బా, పట్టేసిందయ్యా. నువ్వెళ్లి టీ తాగిరా, ఈలోగా సర్దుకుంటుంది."

మేస్త్రీ టీకి, ఓనరు తన గదికి వెళ్లగానే ఆమె చిలక వైపు చూసింది. చిలక వచ్చి, గొలుసు రెండు పళ్లు వెనక్కి జరిపి వెళ్లిపోయాడు. ఊళ్లో విషయాలన్నీ మోసే ఆ నోరు దీని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

అప్పట్నుంచీ ఆమె భుజానికి నొప్పి తరచూ వచ్చేది. సాయంత్రం ఇంటికెళ్లాక ఆయన నూనె వేడిచేసి, తడుముకుంటూ ఆ భుజానికి రాసేవాడు. "నా మూలాన నీ చెయ్యి అరిగిపోతోందే," అనేవాడు. లేని నొప్పికి ఆమె మూలిగేది.

ఆమె జ్వరంతో పడుకున్న రోజు ఇంకెవరో తిప్పారు. ఒక లారీ వాల్వులు వంగిపోయాయి. "ఇదే ఆఖరు మేస్త్రీ. ఇంకోటి పోతే ఇంటిపట్టున ఉండు," అన్నాడు ఓనరు. ఆ సాయంత్రం ఆయన అన్నం ముట్టలేదు. "ఆ షెడ్డులోకి రావద్దంటే నేను దేనికే? మూలన పడేసిన పాత టైరుకీ నాకూ తేడా ఏముంది?" అన్నాడు. ఆయన నోట అలాంటి మాట ఆమె ఎప్పుడూ వినలేదు. అందుకే మర్నాడు ఒళ్లు కాలుతున్నా లేచి పనికి వెళ్లింది.

ఇప్పుడు, గొలుసు ఎక్కించిన ఈ వ్యాను దగ్గర ఓనరు, డ్రైవరు నిలబడి ఉన్నారు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి పానా కోసం చెయ్యి చాపింది. మేస్త్రీ ఇవ్వలేదు.

"నువ్వు కూర్చో. కట్టుబాటు ఈ ఒక్కసారికి పక్కన పెడదాం. నేను తిప్పుకుంటా."

"ఇవాళ నొప్పి లేదయ్యా."

"పొద్దున లేవలేక లేవలేక లేచావు. నేను చూళ్లేదా?"

"లేదంటుంటే! ఇటివ్వు."

"ఏంటి మేస్త్రీ, మీ కాపురం సంగతి ఇంటి దగ్గర తేల్చుకోండి. బండికి టైమవుతోంది," అన్నాడు ఓనరు.

డ్రైవరు నవ్వాడు. ఆమె చిలక వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. భుజం బాగానే ఉందని, ఎప్పుడూ బాగానే ఉందని ఆ నలుగురి మధ్యా ఆమె ఎలా చెబుతుంది?

మేస్త్రీ రెండు చుట్లు తిప్పాడు. ఆమె ఆయన మణికట్టు వంకే చూస్తూ నిలబడింది. కంటితో చూస్తే ఏమీ తెలియదు. అది చేతికి తెలియాల్సిన సంగతి. డ్రైవరు తాళం తిప్పాడు. ఇంజను అందుకుంది. చక్కగా తిరుగుతోంది. మేస్త్రీ తలెత్తి, ఆమె ఉందనుకున్న వైపు చూసి నవ్వాడు. అంతలో లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు టకటకమని, ఒక్క కుదుపుతో ఆగిపోయింది.

ఓనరు అరవలేదు. అరిచినా బాగుండేది. "రేపట్నుంచి రెస్టు తీసుకో మేస్త్రీ," అన్నాడు.

ఆ తర్వాత మేస్త్రీ ఎక్కువకాలం బతకలేదు. జబ్బని చెప్పుకోవడానికి ఏమీ లేదు. కిటికీ పక్క మంచం మీద కూర్చుని, కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, వేళ్లు మడిచేవాడు, చాపేవాడు.

"కళ్లు పోతున్నాయని తెలుసు. చెయ్యి కూడా పోయిందనుకోలేదే. రెండు చుట్లూ ఎక్కడా తగల్లేదు. తగిలినా తెలియలేదంటే, ఇంక ఇది నా చెయ్యేనా?" అనేవాడు.

చొక్కా గుండీలు ఆమెనే పెట్టమనేవాడు. గ్లాసు అందిస్తే రెండు చేతులతో పట్టుకునేవాడు. నొప్పి అబద్ధమని చెప్పేద్దామని ఆమెకి నోటిదాకా వచ్చేది. చెబితే ఆ ఒక్క తప్పుతో పోదు. వెనకటివన్నీ బయటికొస్తాయి. మింగేసేది. తన చేతికి పానా అంది ఉంటే ఇది జరిగేది కాదని, తన అబద్ధమే ఆయన్ని తినేస్తోందని లోపల్లోపలే కుమిలిపోయేది.

"భుజం ఎలా ఉంది?" అని ఆయన అడిగేవాడు.

"తగ్గిందయ్యా."

"నేను తప్పుకున్నాకైనా తగ్గింది. పోన్లే."

ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న తగువులో ఆ వ్యాను ఇంజను అలాగే షెడ్డులో ఓ మూల పడి ఉంది. మేస్త్రీ పోయాక గాని తగువు తెగలేదు. అప్పుడు చిలక దాన్ని విప్పాడు. విప్పిన రోజే ఆమె దగ్గరికొచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయాడు. మాటలకి తడుముకోవడం అతనికి అదే మొదటిసారి.

"అక్కా, గొలుసుని బిగువుగా పట్టి ఉంచే స్ప్రింగు ఉంటుంది చూడు, ఆ రోజు వేసిన కొత్తది. అది రెండు ముక్కలై నూనెలో పడి ఉంది. ఇంజను అందుకున్నాక విరిగింది. గొలుసు వదులై పళ్లు దాటేసింది. బావ సరిగ్గానే పెట్టాడక్కా. నువ్వు తిప్పినా ఏమీ తగిలేది కాదు."