ఫిరంగుల ఓడలో పురుడు

వాన పడితే మా వంటింటి గుమ్మం దగ్గర తారు వాసన వేసేది. గడపగా వేసిన టేకు చెక్క తడిసిందంటే, మళ్ళీ ఎండ మొహం చూసేదాకా ఆ వాసన వదిలేది కాదు. కోడలికి అది పడేది కాదు. "అత్తయ్యగారండీ, ఈ చెక్క తీయించేసి గ్రానైటు వేయిద్దామండి. ఇల్లంతా పాత పడవలా కంపు కొడతందండి" అనేది. పడవ కాదమ్మా, ఓడ అని చెప్పే ఓపిక నాకు లేకపోయింది. పాడవని వస్తువుని పారేయడం చేతకాక ఇన్నేళ్ళూ ఉంచాను, అంతే.

నా చిన్నతనంలో అంతర్వేదికి ఎగువన, వశిష్ఠ ఒడ్డు బురదలో ఒక తెరచాపల యుద్ధపు ఓడ కూరుకుపోయి ఉండేది. దొరల కాలంలో ఏ గాలివానకో కొట్టుకొచ్చిందట. తెరచాప స్తంభాలు విరిగిపోయాయి, ఫిరంగులు ఎవరో పట్టుకుపోయారు. మిగిలిన బొందిని ఒక కొబ్బరి వర్తకుడు సరుకు దాచే కొట్టుగా వాడుకుంటూ మా నాన్నని కాపలా పెట్టాడు. మా కాపురం అందులోనే.

వేసవిలో ఓడ పైన పరిచిన బల్లల మీద అమ్మ చాపలు పరిచి మామిడి తాండ్ర పోస్తుంటే, కాకుల్ని తోలుతూ, మాఘమాసంలో తీర్థానికి పోయే పడవల్ని చూసి కేకలు పెడుతూ, ఆ తీర్థంలో కొనితెచ్చుకున్న బెల్లం జీళ్ళు రోజుకొకటి చొప్పున చప్పరిస్తూ నేను అక్కడే పెరిగాను. వెనక భాగాన వరస కిటికీలున్న కెప్టెను గది మా పడకగది. మెట్లు దిగితే ఫిరంగుల అంతస్తు. రెండు పక్కలా ఫిరంగి మూతులు బయటికి పెట్టే చదరపు కంతలు, ఒక్కో కంతకీ పైకెత్తే తలుపు, పక్కన ఫిరంగిని బిగించి కట్టే ఇనప కడియాలు. ఆ కంతల్లోంచి గాలాలు వేసేవాళ్ళం, కడియాలకి దండేలు కట్టి బట్టలారేసేవాళ్ళం. ఇంకా దిగితే నావికులు పడుకున్న అంతస్తు. నాన్న అక్కడ నడుం వంచి నడవాల్సిందే. వాళ్ళ గుడ్డ ఉయ్యాలలు తగిలించుకున్న కొక్కేలకి అమ్మ ఉట్లు కట్టింది. అన్నిటికీ అడుగున మందుగుండు గది. ఎలక కూడా చొరలేనంత బిగువుగా కట్టారు గనక మా ఆవకాయ జాడీలు అందులో ఉండేవి. నిప్పురవ్వ పడకూడదని ఆ గదిలో దీపం పెట్టేవారు కాదట. పక్కనున్న అరలో పెట్టి, మధ్య గోడకి బిగించిన మందపాటి అద్దంలోంచి వెలుతురు రానిచ్చేవారట. ఆ అద్దం అప్పటికింకా పగల్లేదు.

ఓడ ఏటివైపు ఒరిగి ఉండేది. అందుకని అమ్మ ఏ గిన్నె దింపినా ఒక పక్క కొబ్బరిచిప్ప ముక్క ఎత్తు పెట్టేది. మా కంచాల్లో చారు ఎప్పుడూ ఏటివైపుకే చేరేది.

ఆ ఏడు వర్తకుడు ఓడని కలపకి అమ్మేశాడు. తొలకరి మొదలవుతుండగా, రంపాలతో మనుషుల్ని వెంటేసుకుని మేస్త్రీ వచ్చాడు. అప్పటికి అమ్మకి నెలలు నిండాయి. పోవడానికి ఒడ్డున గుడిసైనా లేదు.

"వరద తగిల్తే కర్రంతా సముద్రంలోకి పోద్దండి. ఖాళీ చెయ్యాలండి" అన్నాడు మేస్త్రీ.

"ఆయ్, చేస్తామండి. మా ఇంటిదానికి పురుడొచ్చేదాకా పైనించి ఇప్పుకుంటూ రండి బాబూ. మేం కింద కింద సర్దుకుంటాం" అని నాన్న చేతులు జోడించాడు.

మేస్త్రీ సరేనన్నాడు. కెప్టెను గది ఊడితే ఫిరంగుల అంతస్తుకి దిగాం. దాని పైకప్పు లేచిపోతే ఉట్లున్న అంతస్తుకి దిగాం. చెక్కల సందుల్లోంచి వాన కారుతుంటే, చివరికి జాడీలు ఓ పక్కకి జరిపి మందుగుండు గదిలో చాప పరిచారు.

"ఇంకా కిందంటే ఇసకేనండి. పీతలతో కాపరం పెట్టిస్తారా?" అంది అమ్మ.

మర్నాడు పట్టపగలే నొప్పులొచ్చాయి. లోపలంతా చీకటి. పైన రంపాలు కోస్తూనే ఉన్నాయి. మంత్రసాని లాంతరు పట్టుకొస్తే గదిలోకి తేనివ్వకుండా నాన్న అద్దం వెనక అరలో పెట్టించాడు. అందులో మందుగుండు లేకపోయినా ఆయనకి భయం పోలేదు.

"బాగుంది సంబడం! దీపం ఓ గదిలో, పురుడో గదిలోనా!" అని మంత్రసాని గొణుక్కుంటూనే పని కానిచ్చింది. ఆ పచ్చటి మసక వెలుతుర్లో చెల్లి పుట్టింది. ఏడుపు వినపడగానే పైన రంపాలు ఆగాయి.

"ఆ తల్లి పురిటి నీళ్ళు పోసుకునేదాకా ఆ గది జోలికెళ్ళకండ్రా" అన్న మేస్త్రీ గొంతు నాకు వినిపించింది.

మాట నిలబెట్టుకున్నాడు. ఈలోగా నాన్న ఒడ్డున తాటాకుల పాక వేశాడు. మేం వెళ్ళేరోజున మేస్త్రీ ఆ గది తలుపులోంచి ఒక చెక్క కోయించి, పిల్లకి పీట చేయించమని ఇచ్చాడు. పీట చేయించడం కుదర్లేదు, ఆ చెక్కే తర్వాత మా వంటింటి గడపైంది. పాకలో అమ్మ మొదటిసారి గంజి గిన్నె దింపి, అలవాటు కొద్దీ కొబ్బరిచిప్ప ముక్క ఎత్తు పెట్టింది. గంజంతా నేలపాలైంది. "ఈ నేల సరిగా లేదండీ" అని అమ్మ కూలబడి ఏడ్చింది.

చెల్లి బండారులంక కోడలైంది. వానాకాలం వస్తే మా ఇంటికొచ్చి ఆ గడప మీదే కూర్చునేది. "నేను పుట్టినప్పుడు దీపం ఎక్కడుందే అక్కా?" అని, తెలిసిందే మళ్ళీ అడిగేది. పని తెమలనివ్వవని విసుక్కుంటూ చెప్పేదాన్ని. చెల్లి పోయి రెండు వానాకాలాలైంది.

చివరికి కోడలి మాటే నెగ్గింది. నిన్న తాపీమేస్త్రీ చెక్క పెకలించాడు. గ్రానైటు నున్నగా, సమంగా కుదిరింది. చెక్కని నా మంచం కిందకి తోయించుకున్నాను. రాత్రంతా వాన పడింది, గుమ్మం దగ్గర వాసన లేదు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని అక్కడ కాసేపు నిలబడ్డాను.

దీపం పక్కగదిలో ఉందే చెల్లీ. అద్దానికి అవతల.