గరుకు ముఖం ఎటువైపు

ల్యాబులో అందరూ ఆమెను కొత్తక్క అనేవారు. చేరి నెల కాలేదు కాబట్టి కొత్త, నలభై మూడేళ్లు కాబట్టి అక్క. పని నేర్పే సీనియర్‌కి ఇరవై ఏడు, పైగా నిండు నెలలు. ఎనిమిది కిలోల కాంక్రీటు క్యూబులు ఎత్తడానికి సీనియర్‌కి ఇంకో జత చేతులు కావాలి. కొత్తక్కకు ఉద్యోగం కావాలి. విధీ అదృష్టమూ అనే పెద్ద మాటలు దీనికి అక్కర్లేదు.

అంతకుముందు ఆమె ఒక కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పద్దెనిమిదేళ్లు సీసాలు సర్దింది. కాలేజీ వాళ్లు సైన్సు గ్రూపులు ఎత్తేశారు, సీసాలతో పాటు ఆమెనూ. పెళ్లి ఒకటి జరిగింది, నిలవలేదు. ఆ కథతో ఇక్కడ పని లేదు. ఈ ఊరొచ్చి టైలరు షాపు పైన గది తీసుకుంది. సాయంత్రం కింద కుట్టు మిషను ఆగిపోతే గదిలో ఇక గోడ గడియారమే మాట్లాడాలి. ఆదివారం తమ్ముడు ఫోను చేసేవాడు.

"అంతా బాగేనా?"

"బాగానే."

"సరే, ఉంటా మరి."

నలభై సెకన్లు. ఆ గదిలో వారం మొత్తానికీ వినబడే రెండో మనిషి గొంతు అదే.

ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. మూడు నెలలు పని చూసి, నచ్చితే పర్మినెంటు కాగితం ఇస్తామన్నారు. ఈ వయసులో ఇంకో తలుపు తట్టే ఓపిక ఆమెకు లేదు. తట్టినా తీసేవాళ్లు ఉండరని తెలుసు.

మొదటి రోజే ఒక అపార్ట్‌మెంటు సైటు నుంచి, రెండో అంతస్తు స్తంభాలకు పోస్తున్న కాంక్రీటు బలం పరీక్షకు వచ్చింది. ఇనుప అచ్చులకు నూనె రాసి, మూడు పొరలుగా నింపి, పొరకు ముప్పై అయిదు సార్లు కడ్డీతో పొడవాలి. సీనియర్ స్టూలు మీద కూర్చుని లెక్కపెట్టింది.

"ముప్పై రెండు... ఏంటక్కా, ముగ్గులో చుక్కలు పెడుతున్నావా? పొడు! అది నీకేం చుట్టం కాదు!"

శ్రమలో ఆనందం ఉందని రాసేవాళ్లను ఆ రోజు సాయంత్రం కొత్తక్క భుజాల్ని అడగమనాలి.

ఆరు క్యూబులు తయారయ్యాయి. మర్నాడు అచ్చులు విప్పి, వాటి మీద నంబరూ తేదీ రాసే పని ఆమెకే పడింది. అచ్చుకు ఆనుకున్న ముఖాలు అయిదూ అద్దంలా నున్నగా ఉన్నాయి. పైన తాపీతో సాపు చేసిన ఆరో ముఖం మాత్రం గరుకు. నున్నటి వైపు అక్షరం కుదురుగా వస్తుందని అక్కడ రాసింది, సీసా మీద లేబుల్ అంటించినట్టు నిటారుగా. సీనియర్ చూసి, "అబ్బో, పెళ్లి శుభలేఖ రాసినట్టు రాశావే!" అంది. ఆ మెచ్చుకోలు కొత్తక్కకు మూడు రోజులు సరిపోయింది. తర్వాతి క్యూబులకు మాత్రం, "గరుకు వైపు రాయక్కా, ఇక్కడ అలవాటు అదే" అంది సీనియర్. ఎందుకో చెప్పలేదు. ఈమె అడగలేదు.

క్యూబులు నీళ్ల తొట్టిలో మునిగి కూర్చున్నాయి. మూడింటిని ఏడో రోజున బరువుతో నొక్కే ప్రెస్సులో పెట్టి పగలగొట్టారు. కొత్తక్క ఎత్తి పెట్టింది, సీనియర్ ఒక చేత్తో వాటిని తిప్పి సర్దింది. ఎంత బరువుకు పగిలిందో చెప్పే అంకె పద్దెనిమిది వచ్చింది. ఇరవై ఎనిమిదో రోజుకు ఇరవై అయిదు దాటాలి. ఏడో రోజున పద్దెనిమిదంటే శుభ్రంగా దాటుతుంది.

"అంకె ఒక్కటే చూడకు" అని పగిలిన క్యూబు చూపించింది సీనియర్. నాలుగు పక్కలూ సమానంగా రాలిపోయి, మధ్యలో సన్నగా నడుములాంటిది మిగిలింది. "బరువు అంతటా సమంగా పడితే ఇలా నడుము మిగులుతుంది. మిగల్లేదంటే ఏదో తేడా ఉన్నట్టు." తన పొట్టవైపు చూసుకుని, "నన్ను లెక్కలోకి తీసుకోకు" అంది. కొత్తక్క నవ్వింది. ఆ ఊరొచ్చాక పైకి వినబడేలా నవ్వడం అదే మొదలు.

పద్దెనిమిదో రోజున సీనియర్ సెలవు మీద వెళ్లింది. మర్నాడే పాప పుట్టిందని ల్యాబు ఇన్‌ఛార్జి చెప్పాడు. ఆ తర్వాత కొత్తక్క ల్యాబులో కాంక్రీటుతోనే గడిపింది. కడ్డీ పోట్లు పైకే లెక్కపెట్టుకునేది, నోరు మాట మరిచిపోకుండా. వచ్చిన క్యూబులన్నీ ఒంటరిగానే పరీక్షించింది. నంబరు తన వైపు ఉండేలా పెట్టడం, మీట తిప్పడం, అంకె రాయడం. అన్నీ సరిగ్గానే వచ్చాయి.

ఇరవై ఎనిమిదో రోజున మొదటినాటి మూడు క్యూబులూ తొట్టిలోంచి బయటికి వచ్చాయి. తన చేతిరాత చూసి పాత స్నేహితులు ఎదురైనట్టు సంబరపడింది. తుడిచింది, తూచింది, నంబరు తన వైపు నిటారుగా పెట్టి మీట తిప్పింది.

పంతొమ్మిది. ఇంకోటి ఇరవై. మూడోది మళ్లీ పంతొమ్మిది.

ఇన్‌ఛార్జి తలుపు దగ్గరే నిలబడి అడిగాడు. "ఏమైంది?"

"తక్కువొచ్చిందండీ."

"ఫెయిలా? రిపోర్టు టైపు చెయ్, నాలుగింటికి సైటుకు పంపిద్దాం. ఆ కాంట్రాక్టరుకి ఎప్పట్నుంచో పొగరు. అన్నీ పాస్ చేసే ల్యాబు అని మనకూ పేరుండకూడదు కదా!" సంతోషంగానే వెళ్లిపోయాడు.

కొత్తక్క టైపు చేయడానికి కూర్చుంది. ఏడో రోజు పద్దెనిమిది, ఇవాళ పంతొమ్మిది. మూడు వారాలు నీళ్లలో నానిన కాంక్రీటుకు ఒక్క అంకె పెరుగుతుందా? లేచి వెళ్లి ముక్కలు చూసింది. నడుము లేదు. మూడింటికీ పైభాగం ఒక మూల నుంచి చితికి, ఏటవాలుగా చీలిపోయింది. చితికిన ముఖం గరుకు ముఖం.

ఏడో రోజున సీనియర్ చెయ్యి ఎటు తిప్పిందో అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు నంబరు అడ్డంగా పడుకుంది; కొత్తక్క తల పక్కకు వంచి చదువుకుంది. గరుకు ముఖం మీద బరువు వేయకూడదు. ఎగుడుదిగుడులో ఎత్తుగా ఉన్నచోటే బరువంతా పడి క్యూబు ముందే పగులుతుంది. గరుకు వైపు నంబరు రాస్తే ఈ తప్పు జరగనే జరగదు, ఆ వైపు మన ముఖంలోకే చూస్తుంది కాబట్టి. ఈ మూడింటి మీద మాత్రం తనే నున్నటి వైపు అందంగా రాసింది, సీసాలా నిటారుగా నిలబెట్టింది. పద్దెనిమిదేళ్ల అలవాటు అయిదు నిమిషాల్లో మూడు క్యూబుల్ని తినేసింది.

పగిలినవి మళ్లీ పగలవు. ఎవరూ చూడలేదు. ముక్కలు చెత్తబండి ఎక్కితే తప్పు కాంట్రాక్టరుది, స్తంభాలు కూలగొట్టేది వాడు, ఉద్యోగం తనది. నిజం చెబితే స్తంభాలు నిలుస్తాయేమో, ఉద్యోగం నిలవదు. టైము మూడుంపావు. నిజాయితీ గురించి గోడ మీద ఒక సూక్తి ఫ్రేము కట్టి ఉంది గానీ, దాని వల్ల ఎప్పుడూ ఎవరికీ ఏ సాయమూ అందలేదు. ఆమె సీనియర్‌కి ఫోను చేసింది.

ముందు పసిపిల్ల ఏడుపు వినబడింది.

"చెప్పక్కా. ఎలా పగిలింది?"

బాగున్నావా అనలేదు. ఎలా పగిలింది అంది. కొత్తక్క మొత్తం చెప్పేసింది.

"అయ్యో! ఆ మొదటి రోజువా? తల్లీ నీ చేతిరాతా..." పిల్లను జోకొడుతున్న చప్పుడు. "నేనూ ఎందుకో చెప్పలేదు, మొద్దుదాన్ని. సరే, నాకు చెప్పి ఏం లాభం? ఆయనకు చెప్పు. ముక్కలు పట్టుకెళ్లి చూపించు. ఉత్త మాటలు ఆయన చెవికెక్కవు."

"తీసేస్తారేమో."

"తీసెయ్యొచ్చు" అంది సీనియర్. అబద్ధం ఆడలేదు. "ఏయ్, పిల్ల కక్కింది, ఉంటానక్కా."

కొత్తక్క ట్రేలో ముక్కలు పేర్చుకుని ఇన్‌ఛార్జి గదిలోకి వెళ్లింది.

ఆయన అరిచాడు. చిన్నపిల్లవా అన్నాడు, సీసాలు కడుక్కోక ఇక్కడికెందుకొచ్చావన్నాడు. తర్వాత ముక్కల్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. రిపోర్టు ఆపాడు. ఆ తర్వాత మూడో రోజున ల్యాబు ఖర్చుతోనే సైటులో స్తంభాలకు గొట్టంలాంటి డ్రిల్లుతో నమూనాలు తీశారు. కొత్తక్క పక్కనే నిలబడి నీళ్లు పోసింది. మేస్త్రీ కాళ్ల మీద పడ్డ బురద తుడుచుకుంటూ, "ఎవరి పుణ్యమమ్మా ఈ బెజ్జాలు?" అన్నాడు.

"నాదే" అంది.

స్తంభాలు గట్టివని తేలింది. ఎవరూ ఆమెకు శాలువా కప్పలేదు. చేతికి కాగితం వచ్చింది: పర్మినెంటు మాట ఇప్పట్లో లేదు, పరిశీలన గడువు మరో మూడు నెలలు పొడిగింపు, ఇంకో తప్పు జరిగితే ఇంటికే.

ఆదివారం తమ్ముడు ఫోను చేశాడు.

"అంతా బాగేనా?"

బాగానే అనబోయి ఆగింది. "లేదురా. క్యూబులు తిరగేసి పెట్టాను."

అటువైపు టీవీ గొంతు తగ్గింది. "ఏం క్యూబులక్కా?"

ఆమె మొదటి నుంచీ చెప్పుకొచ్చింది: అచ్చులు, నూనె, ముప్పై అయిదు పోట్లు, గరుకు ముఖం. వాడికి సగం అర్థమైందో లేదో, ఊఁ కొడుతూ విన్నాడు. అంతా అయ్యాక, "ఇంతకీ ఉద్యోగం ఉన్నట్టా, లేనట్టా?" అన్నాడు.

"మూడు నెలలు ఉన్నట్టు."

"ఓహో" అన్నాడు. ఇంకేదో అనబోయాడు గానీ లోపలి నుంచి ఎవరో పిలిచారు. "సరే, ఉంటా మరి."

కింద టైలరు షాపుకు సెలవు. కొత్తక్క కాసేపు ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చుంది. సోమవారం మూడు క్యూబుల గడువుంది. సీనియర్ వెళ్లేముందు ఇద్దరూ కలిసి పోసినవి, గరుకు వైపు నంబరు రాసినవి.