జోగమ్మ చూపించని చెట్టు

కామెర్లు వచ్చినవాళ్లకు కుంజా జోగమ్మ ఒక వేరు ఎండబెట్టి, పొడి కొట్టి ఇచ్చేది. అది ఏ చెట్టు వేరో మాత్రం ఎవరికీ చూపలేదు. ఇంకొకరి కంటబడితే మందు చచ్చిపోతుందని ఆమెకు వైద్యం నేర్పిన అత్త చెప్పింది.

ఖమ్మం కాలేజీలో మందుమొక్కల మీద పరిశోధన చేసే ప్రమీల ఆ పొడిని పరీక్షకు పట్టుకెళ్లి, వేసవిలో తిరిగొచ్చింది.

“లివర్‌కు మేలు చేసే గుణం దీంట్లో ఉన్నట్టుంది అవ్వా. ఇంకా చాలా చూడాలె. ఆకు, పువ్వు చూపిస్తేనే ఏ చెట్టో తేలుద్ది.”

“నీకు సూపెట్టి నేనేం జెయ్యాలె? పోయి నీ కాలేజీల పాఠాలు జెప్పాల్నా?” అని జోగమ్మ నవ్వి పంపేసింది.

వానలు పడ్డాక వేరు కోసం గుట్టకు పోతే, జామాయిల్ చెట్లు నాటడానికి ఆ వేరు దొరికే గుట్ట వాలునంతా ట్రాక్టర్లతో దున్నేసి ఉంది. వాగు అవతల కూడా వెతికింది. ఒక్క మొలకా దొరకలేదు. తనే ప్రమీలకు ఫోన్ చేయించింది.

ప్రమీల వచ్చి కూర్చుంటే, ఆకు ఎంతుంటుందో, పువ్వు ఎలా వంగుతుందో జోగమ్మ చేతులతో చూపించింది.

“గట్లాంటి ఆకులు అడవిలో చాలా ఉంటాయి గదా అవ్వా,” అంది ప్రమీల మెల్లగా.

జోగమ్మ చేతులు ఒళ్లోకి దించుకుంది.

“నువ్వడిగిన్నాడే తోల్కపోతే అయిపోతుండె బిడ్డా. గా గుట్ట దాకనే గదా.”