అలారం పెట్టె మార్చిన రోజు

2003 మే, ఆదివారం సాయంత్రం. కాశీబుగ్గలో మా ఇల్లు. ఉన్నవాళ్ళు: నేను, నా భార్య, ఆమె తమ్ముడు.

ఆ ఏడాది కొన్న జీడిపిక్కల బస్తాలన్నీ మా పడకగది పక్క కొట్లోనే ఉన్నాయి. అవి పోతే మాకు మిగిలేది ఏమీ లేదు. కొట్టు తలుపుకున్న పాత అలారం కొన్నాళ్ళుగా మోగడం లేదు. బాగుచేసేవాళ్ళు దొరక్క, విశాఖ నుంచి కొత్త పెట్టె తెప్పించి మేమే బిగించుకుందామనుకున్నాం.

కరెంటు ఆపి, ఏ తీగ ఎక్కడుందో కాగితం మీద గీసుకుని, పాత పెట్టె మూత విప్పాను. సైరన్‌కు వెళ్ళే తీగ తెగి ఉంది.

"ఎలక కొరికీసినట్టుంది," అంది నా భార్య.

"కొరికీసి టేపు కూడా సుట్టిందేటక్కా ఎలక?" అన్నాడు బావమరిది.

ఆ టేపు మీద నల్లటి వేలిముద్ర ఉంది. అది జీడిపిక్కల నూనె మరక, కడిగినా పోదు. మా దగ్గర పిక్కలు కొట్టే పనివాళ్ళందరి వేళ్ళకూ అదే నలుపు. నా వేళ్ళకూ ఉంది. ఎవరిని అడగను?

కొత్త పెట్టె బిగించి, పరీక్షకు కొట్టు తలుపు తీశాం. పనివాళ్ళ ఇళ్ళున్న వెనక వీధి దాకా వినబడేలా మోగింది.

"రేపు పనికి రానోడెవడో సూడు బావా. ఆడే," అన్నాడతను.

మర్నాడు ఉదయం వాకిట్లో నిలబడి చూశాను. అందరూ వచ్చారు. నూనె అంటకుండా చేతులకు బూడిద రాసుకుని, ఎవరి చోట వాళ్ళు కూర్చున్నారు. నిన్నటి ఆ మోత ఏమిటని ఒక్కరూ అడగలేదు.