గులాబీ పువ్వుల అచ్చు

ప్రేమమణి టీచరు చెయ్యి పడితే ఏ వస్తువైనా తళతళలాడాల్సిందే. ఆ శుభ్రమే ఆమె కొంప ముంచింది.

1983లో, లాలాగూడ రైల్వే క్వార్టర్లో ఆమెకది మొదటి క్రిస్మస్. వర్క్‌షాపులో ఫిట్టరు జ్ఞానశేఖర్‌కీ ఆమెకీ ఇద్దరికీ అది రెండో పెళ్లి, అయి మూడు నెలలు. ఆమె వెంట వచ్చిన ఆరేళ్ల కూతురు మేబెల్ వారం తిరక్కుండానే జ్ఞానశేఖర్ భుజమెక్కి కూర్చుంది. ఆయన కూతురు ఆలిస్‌కి పన్నెండేళ్లు. అడిగినదానికి జవాబు చెప్పేది, అంతే. ఆ పిల్లకి ఎలాగైనా దగ్గరవాలని ప్రేమమణి ప్రాణం కొట్టుకునేది.

పండగ రెండ్రోజులుందనగా పొద్దున్నే అటక మీంచి గులాబీ పువ్వుల అచ్చు దించింది. ఆలిస్ తల్లి వాడిన అచ్చు, నల్లగా ఉంది. నర్సాపురంలో ప్రేమమణి పుట్టింట అరిసెలూ కజ్జికాయలే తప్ప గులాబీ పువ్వులు వండే అలవాటు లేదు. బూడిదా కొబ్బరిపీచూ పెట్టి చేతులు పడిపోయేలా తోమి, అచ్చుని అద్దంలా చేసింది. ఆలిస్ చూసి మురిసిపోతుందనుకుంది, పాపం!

ఆలిస్ చూసి గొల్లుమంది.

"ఏందిది టీచర్! ఏండ్ల సంది నూనె పట్టిన అచ్చు! ఇంక పిండి వదుల్తదా?"

అన్నంతా అయింది. పిండిలో ముంచి, కాగే నూనెలో పెడితే పువ్వు ఊడి రాదే! చెంచాతో పొడిస్తే ముక్కలు. ప్రేమమణికి నిజంగానే ఏడుపొచ్చింది.

"తప్పయిపోయిందమ్మా. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు" అంది.

ఆలిస్ కళ్లు తుడుచుకుంది. "జెర జరగండి."

అచ్చుని నూనెలో కాచింది, తీసి తుడిచింది, మళ్లీ కాచింది. "మంట తగ్గించండి. పిండిల మొత్తం ముంచొద్దు." క్లాసులో అరవై మందిని గడగడలాడించే టీచరు బుద్ధిగా మంట తగ్గించింది. ఎనిమిదో పువ్వు కూడా విరిగింది. తొమ్మిదోది కాసేపు మొరాయించి, చటుక్కున జారి నూనెలో తేలింది! మేబెల్ చప్పట్లు కొట్టింది. ప్రేమమణి గెంతినంత పని చేసింది. ఆలిస్‌కి నవ్వొచ్చింది గానీ, వెంటనే మూతి బిగించుకుంది.

సాయంత్రం పక్క క్వార్టరు విజయమ్మ వచ్చింది. పువ్వుల పళ్లెం అందుకుంటూ ఆరా తీసింది.

"పొద్దుగాల గట్ల ఏడ్సినవేందే ఆలిస్? కొత్తామె మీ అమ్మ అచ్చు ఖరాబ్ చేసిందా?"

ప్రేమమణి ఆలిస్ వైపు చూసింది. విజయమ్మ చెవిన పడితే రేపటికి కాలనీ అంతా తిరుగుతుంది. అంతకంటే భయం, ఆలిస్ ఏమంటుందోనని.

"నేనే తోమిన పెద్దమ్మా" అంది ఆలిస్, తొణక్కుండా. "టీచర్ వద్దంటనే ఉన్నది, నేనే ఇనలే. మళ్ల ఇద్దరం కలిసి మంచిగ చేసినం."

అబద్ధమాడిన పిల్లల్ని బెంచీ ఎక్కించే ప్రేమమణికి ఆ అబద్ధం వింటే ఒళ్లంతా సంబరమైంది. విజయమ్మ పళ్లెంలో ఇంకో నాలుగు పువ్వులు వేసింది.