ఖర్చుల్లో లేని జంపక్క

అశ్వాపురం దాటి మణుగూరు వెళ్లే రోడ్డు పక్కన కవిత కారం గిర్ని ఉండేది. రేకుల షెడ్డు, లోపల రెండు మిషన్లు, ముందు తాటాకు పందిరి. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు తుమ్మడం మొదలుపెడితే గిర్ని దగ్గరికి వచ్చామని మిగతావాళ్లకు తెలిసిపోయేది.

కవితది అక్కడికి దగ్గర్లోనే ఉన్న తండా. భర్త బాబూరావు కామెర్లతో పోయాక ఆమెకు మిగిలింది ఇద్దరు ఆడపిల్లలు, మహిళా సంఘం అప్పుతో కొన్న ఒక పాత మిషను. జంపక్క పనికి వచ్చింది ఆ మొదటి రోజుల్లోనే. రోడ్డుకు ఎగువన అడవిలో ఉన్న కోయగూడెం ఆమెది. వయసులో కవిత కంటే చాలా పెద్దది. కాయల తొడిమలు తీయడం, ఎండబోయడం, మిషన్లో పోసి పట్టడం, జల్లించడం, అన్నీ ఆమే చూసుకునేది. మొదటి వానాకాలం గిరాకీ లేక కవిత కూలి ఇవ్వలేకపోయింది. జంపక్క అయినా పనికి రావడం మానలేదు.

"ఇయ్యాల లేకుంటే రేపిస్తవు తియ్యి బిడ్డా," అంటూ ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్న గట్కలో సగం కవితకు పెట్టేది. ఘాటుకు ఇద్దరూ దగ్గి దగ్గి, చెరొక బెల్లం ముక్క నోట్లో వేసుకుని, నీళ్లు కారే కళ్లతో ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవాళ్లు.

తర్వాత మణుగూరు కాలనీల్లో మెస్సులు నడిపేవాళ్లు కవిత దగ్గరే కారం, పసుపు తీసుకోవడం మొదలుపెట్టారు. హాస్టళ్ల ఆర్డర్లు వచ్చాయి. రెండో మిషను కొంది. ఇప్పుడు డబ్బంతా బ్యాంకులోనే పడుతోంది. అంత డబ్బు ఖాతాలో తిరిగితే పన్ను లెక్క చూపించాలని ఎవరో భయపెడితే, ఖమ్మం వెళ్లి ఉదయ్ భాస్కర్ అనే టాక్స్ కన్సల్టెంటును కలిసింది.

"గిరిజనులకు టాక్స్ ఉండదంటరు గద సార్?" అని అడిగింది ముందుగా.

"అది ఈశాన్య రాష్ట్రాల వైపు వాళ్లకమ్మా. మన దగ్గర వర్తించదు," అన్నాడాయన. "వచ్చిన డబ్బు బ్యాంకులో కనబడుతోంది, దాచలేం. ఖర్చులు చూపించాలి. ఖర్చు పెరిగిన కొద్దీ పన్ను తగ్గుతుంది. కూలి ఎవరికిస్తున్నారు?"

"జంపక్కకు. చేతికే ఇస్త."

"సంతకం తీసుకుంటున్నారా?"

"ఆమెకు సంతకం రాదు సార్."

"అయితే ఆమెను వదిలేయండి. బయటివాళ్ల పేరు రాస్తే రేపు కార్మిక శాఖ అనీ, బీమా అనీ తలనొప్పి. ఇంట్లోవాళ్ల పేర్లు చెప్పండి. జీతం వాళ్ల ఖాతాలో వేసి, మళ్లీ మీరే తెచ్చుకుందురు."

కవిత తన అన్న రామ్‌చందర్ పేరు, వదిన పేరు చెప్పింది. వాళ్లిద్దరూ ఏనాడూ గిర్నిలో అడుగుపెట్టినవాళ్లు కాదు. జంపక్కకు ఇచ్చే కూలి చట్టప్రకారమే ఆదాయంలోంచి తీసేసుకోదగ్గ ఖర్చనీ, చీటీ రాసి వేలిముద్ర వేయించుకున్నా దాన్ని చూపించవచ్చనీ ఆయన చెప్పలేదు. కవిత అడగనూ లేదు.

ఆ మరుసటి ఏడు ఖర్చు ఇంకా చాలదన్నాడు ఉదయ్ భాస్కర్. మిషను రిపేర్ల కింద ఏదైనా బిల్లు తెమ్మన్నాడు. పెద్ద మిషను బెల్టుకు అడ్డంగా ఉండే ఇనుప జాలీ అప్పటికే తుప్పు పట్టి ఊడిపోయింది. కవిత తెలిసిన వెల్డింగ్ షాపులో కొత్త జాలీ బిగించినట్టు బిల్లు రాయించుకుంది. జాలీ మాత్రం చేయించలేదు. సీజన్ మధ్యలో మిషను ఆపడం ఎందుకు, కాస్త పని తగ్గాక చేయిద్దాం అనుకుంది.

"బెల్టు కాడ జర పైలం జంపక్కా," అని మాత్రం అప్పుడప్పుడూ అనేది.

"నాకెర్క లేదా బిడ్డా," అనేది జంపక్క.

వానలు పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, కాయల గంప ఎత్తుకుని మిషను పక్కగా వస్తూ జంపక్క తడి నేల మీద జారింది. పడిపోకుండా ఆపుకోవడానికి చెయ్యి చాపింది. కుడి చెయ్యి బెల్టుకూ చక్రానికీ మధ్యకు పోయింది. తూకం దగ్గరున్న కవిత పరుగెత్తుకొచ్చి కరెంటు ఆపేసరికి చెయ్యి ఇక చెయ్యిలా లేదు. జంపక్క అరవలేదు. కారం పొడి మీద కూలబడి, "గంప ఒలికిపోయింది," అంది.

భద్రాచలం దవాఖానాలో చేతిని మణికట్టు దగ్గర తీసేశారు. ఖర్చు కవితే పెట్టుకుంది, రాత్రీ పగలూ అక్కడే ఉంది. జంపక్కను ఇంటికి చేర్చాక కొన్నాళ్లు బియ్యం, ఉప్పూ పప్పూ పంపింది. ఆమె భర్త బొజ్జయ్య ఒకసారి గిర్నికి వచ్చి పందిరి కింద నిలబడ్డాడు.

"దాని చెయ్యి మీదనే మా ఇల్లు నడిచేది తల్లీ. ముంగట ఎట్ల మరి?"

"చూస్త పెద్దాయనా," అంది కవిత. ఏం చూడాలో ఆమెకే తెలియదు. పేరు కాగితాల్లో లేని మనిషికి బీమా లేదు.

చివరికి గూడెంలోని చదువుకున్నవాళ్లు బొజ్జయ్యను వెంటబెట్టుకుని కొత్తగూడెం వెళ్లి, కార్మిక శాఖలో పరిహారం కోసం దరఖాస్తు పెట్టించారు. కవితకు నోటీసు వచ్చింది. ఆమె వెంటనే ఉదయ్ భాస్కర్‌కు ఫోన్ చేసింది.

"ఆమె మీ దగ్గర పనిచేసిందని ఒప్పుకున్నారనుకోండి, మరి ఇన్నేళ్లు జీతాలు తీసుకున్నవాళ్లెవరని అడుగుతారు. బిల్లులో ఉన్న జాలీ మిషను మీద ఎందుకు లేదంటారు," అన్నాడాయన. "ఆమె గిరాకీ అని రాయండి. కాయలు పట్టించుకోవడానికి వచ్చి, వద్దన్నా వినకుండా మిషన్లో చెయ్యి పెట్టిందని రాయండి."

రామ్‌చందర్ కూడా వచ్చాడు. తన ఖాతాలో నెలనెలా పడ్డ ఆ జీతం చూపించి అతను బ్యాంకు లోనుతో కారు కొనుక్కున్నాడు, కిరాయికి తిప్పుకుంటున్నాడు.

"నీ కోసమే గద చెల్లె నేను పేరిచ్చిన. ఇప్పుడు నన్ను ముంచుతవా?" అన్నాడు.

కవిత ఉదయ్ భాస్కర్ చెప్పినట్టే జవాబు రాయించి సంతకం పెట్టింది. ఆ రోజు నుంచి గూడేనికి బియ్యం పంపలేదు. పంపితే ఒప్పుకున్నట్టే అవుతుందని ఆయనే చెప్పాడు. జంపక్క చోట ఇద్దరు కొత్తవాళ్లను పెట్టుకుంది. వాళ్లు బెల్టు వైపు వెళ్తే గట్టిగా కేకలేసేది.

విచారణ రోజు కొత్తగూడెంలో జంపక్క చీర కొంగుతో కుడి చేతిని చుట్టుకుని వచ్చింది. కవిత వైపు ఒకసారి చూసి తల దించుకుంది. అధికారి కవిత రాసిన జవాబు చదివి వినిపించాడు. తాను గిరాకీనన్న మాట దగ్గర జంపక్కకు అర్థం కాలేదు, మళ్లీ చదవమంది. ఆయన మళ్లీ చదివాడు.

"నువ్వక్కడ పనిచేసినట్టు ఏదైనా ఆధారం ఉందా అమ్మా? జీతం చీటీ, బ్యాంకులో పడ్డ డబ్బు?"

"ఏం లేదు సారు."

"పోనీ చూసినవాళ్లు?"

"షెడ్డుల మేమిద్దరమే ఉండేది. ఆమెనే అడుగుండ్రి సారు," అంది జంపక్క.

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. కాగితం మీద ఎవరు ఏం రాసినా, ఎదురుగా నిలబెట్టి అడిగితే కవిత ఉన్నదే చెబుతుందని ఆమె నిజంగానే అనుకుంది. కవిత లేచి నిలబడింది.

"నేను రాసింది అబద్ధం సార్. గిర్ని పెట్టినకాడి నుంచి ఆమె నా కాడనే పనిచేసింది. బెల్టుకు జాలీ లేదని నాకెర్కనే. బిల్లు ఒక్కటే రాయించిన."

అధికారి ఆ మాటలు రాసుకుని సంతకం తీసుకున్నాడు. బయటికి వచ్చాక జంపక్క ఆగుతుందేమోనని కవిత మెట్ల దగ్గర చూసింది. ఆమె బొజ్జయ్య వెనకే నడుచుకుంటూ వెళ్లిపోయింది.

పరిహారం కట్టమని ఉత్తర్వు వచ్చింది. ఒకసారి ఒప్పుకున్నాక మిగతాది దాచి లాభం లేదని, కవిత ఇంకో ఆడిటరు దగ్గరికి వెళ్లి దొంగ ఖర్చులన్నీ తీసేయించి రిటర్నులు మళ్లీ వేయించింది. తప్పించుకున్న పన్ను, వడ్డీ, దాని మీద అదనం, అన్నీ కట్టాల్సి వచ్చింది. ఉదయ్ భాస్కర్ ఫోన్ ఎత్తడం మానేశాడు. రామ్‌చందర్ భయపడి కారు అమ్మి లోను తీర్చేశాడు. ఆ ఏడు తండాలో తీజ్ పండుగకు అందరి ఇళ్ల ఆడపిల్లలూ రామ్‌చందర్ ఇంటికి వెళ్లారు గానీ కవిత కూతుళ్లకు పిలుపు రాలేదు. కల్లూరు నుంచి వచ్చిన ఒకాయనకు గిర్నిని, షెడ్డును, ఉన్న ఆర్డర్లతో సహా అమ్మేసి ఆమె పరిహారం కట్టింది.

జంపక్కకు డబ్బు అందింది. బొజ్జయ్య అందులో చాలావరకు పెట్టి చేలో బోరు వేయించాడు. నీళ్లు పడలేదు.

మధిరలో ఒక కారం మిల్లులో కవితకు కూలిపని దొరికింది. పిల్లలతో అక్కడికి వెళ్లిపోయే ముందు ఒకసారి గూడేనికి వెళ్లింది. జంపక్క ఇంటి ముందు కూర్చుని ఎడమ చేత్తో రాయి పట్టుకుని చింతకాయలు కొడుతోంది. కాయ జారిపోతోంది, పాదంతో అదిమిపెట్టి మళ్లీ కొడుతోంది.

"కూసోండ్రి అమ్మా," అంది. బిడ్డా అనలేదు. కోడలిని పిలిచి నీళ్లు తెమ్మంది.

"నొప్పి తగ్గిందా జంపక్కా?"

"లేని వేళ్లే నొస్తున్నయి. ఎవలకు చెప్పినా నమ్మరు." కాసేపు కాయలు కొట్టి, "గిర్ని కొన్న కొత్తాయన కాడికి పోయి పని అడిగిన. ఒంటి చేత్తోని ఏం చేస్తవన్నడు. మీరొక్క మాట చెప్తరా అమ్మా?" అంది.

కవిత అక్కడే ఫోన్ తీసి ఆయనకు చేసింది. ఆయన మర్యాదగానే విన్నాడు, మర్యాదగానే కుదరదన్నాడు.

"ఏమన్నడు?"

"వద్దంటుండు."

జంపక్క తల ఊపింది. కవిత కింద కూర్చుని, పెంకు తీసిన చింతపండులోంచి గింజలు తీయబోయింది.

"మీకెందుకు అమ్మా, చేతులు మాసిపోతయి," అంటూ జంపక్క చాటను తన వైపు లాక్కుంది.

బస్సుకు వేళవుతోందని కోడలు చెప్పేదాకా కవిత అక్కడే కూర్చుంది.